చలికాలం చెరువు పక్షులు: ఎక్కడ చూడాలి, ఫోటో ఎలా తీయాలి? (నెల్లూరు, ప్రకాశం)

పెన్నాగట్టు | డిసెంబరు 8, రాత్రి 9:14

అందరికీ నమస్కారం. మాది బుచ్చిరెడ్డిపాళెం దగ్గర ఒక పల్లె. ఈ మధ్యే సెకండ్ హ్యాండ్‌లో ఒక నికాన్ కెమెరా, 70-300 లెన్స్ కొన్నాను. చలికాలం వస్తే మా ఊరి చెరువులో బాతులు దిగడం చిన్నప్పటి నుంచీ చూస్తానే ఉన్నా గానీ, అవేం బాతులో, ఎక్కడి నుంచి వస్తాయో ఏనాడూ పట్టించుకోలేదు. ఈ ఏడాది ఎట్లయినా తెలుసుకోవాలని గట్టిగా అనుకున్నాను.

వారం నుంచి డ్యూటీ అయిపోగానే సాయంత్రం ఐదింటికి కట్ట మీదికి పోతున్నా. చెరువు కలుజు దాకా నిండి ఉంది. పక్షులేమో నడిమధ్యలో నల్ల చుక్కల్లా కనపడుతున్నాయి. ఫోటో తీస్తే పక్షి ఆకారం తప్ప ఈకల రంగు తెలియట్లేదు, అంతా నలుపే. లెన్స్ సరిపోదా? మా చెరువు వదిలేసి నేలపట్టు పక్షుల కేంద్రానికి పోవాలా? తెలిసినవాళ్లు చెప్పండి.

నాయుడుపేట బుల్లెట్ | డిసెంబరు 8, రాత్రి 9:40

నేలపట్టు వచ్చెయ్ అన్నా. నాయుడుపేట దాటాక దొరవారిసత్రం దగ్గర హైవే దిగితే ఎంతో దూరం లేదు. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ మాకు ఇప్పటికీ నెల్లూరు నేలపట్టే. గూడబాతులు (పెలికాన్లు) నీళ్లలో పెరిగే కడప చెట్ల మీద గూళ్లు కట్టి ఉన్నాయి. వాచ్ టవర్ ఎక్కితే 300 లెన్స్‌కే బాగా అందుతాయి.

తీతువు | డిసెంబరు 9, ఉదయం 5:50

తమ్ముడూ, తప్పు నీ లెన్సుది కాదు, నువ్వు పోయే పూటది.

మన జిల్లాలో నేల పడమటి కొండల నుంచి సముద్రం వైపు వాలి ఉంటుంది. అందుకే మన చెరువుల్లో చాలావాటికి కట్ట తూర్పున, నీళ్లు పడమట. సాయంత్రం కట్ట మీద నిలబడితే పొద్దు నేరుగా నీ కళ్లలో పడుతుంది. పక్షికి నీ వైపున్నదంతా నీడే. అదే కట్ట మీదికి పొద్దున పో. సూర్యుడు నీ వీపు వెనక ఉంటాడు, వెలుగంతా పక్షి మీద పడుతుంది. ఈ రోజుల్లో మనకు ఆరున్నర ప్రాంతంలో పొద్దు పొడుస్తుంది. ఆరింటికల్లా కట్ట మీద ఉండు. ఎనిమిదిన్నర దాటితే నీళ్ల మీద నుంచి సెగ లేచి, ఎంత మంచి లెన్స్ అయినా బొమ్మ అలుక్కుపోయినట్టు వస్తుంది.

ఇంకో సంగతి. కట్ట మీద నిలబడితే ఆకాశం ముందు నీ ఆకారం దిష్టిబొమ్మలా అర కిలోమీటరు నుంచి కనపడుతుంది. చెరువు లోపలి వైపు రాళ్ల మీదికి దిగి, ఏదైనా చిల్లకంప పక్కన కూర్చో. ముదురు రంగు చొక్కా వేసుకో. మొదటి ఇరవై నిమిషాలు కెమెరా ముట్టుకోవద్దు. నువ్వు వచ్చినప్పుడు దూరం జరిగిన పక్షులు, నువ్వు కదలకపోతే వాటంతటవే దగ్గరికి వస్తాయి. ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను, ఈ ఇరవై నిమిషాలు ఓపిక పట్టలేకే చాలామంది ఉత్త చేతులతో తిరిగిపోతారు.

ఇక నీళ్ల విషయం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే ఈశాన్య రుతుపవనాల వానే మనకు పెద్ద వాన. అందుకే పై రాష్ట్రాల్లో చెరువులు తగ్గే వేళకు మనవి నిండుతాయి. నిండు చెరువులో బాతులు, బొల్లికోళ్లు, నీటికాకులు ఉంటాయి, అవి ఈదేవీ మునిగేవీ కాబట్టి. బురదలో నడిచే ఉల్లంకి పిట్టలు, పొడుగుకాళ్ల పిట్టలు ఇప్పుడు నీకు కనపడవు. నాట్లకు తూము తీసి నీళ్లు వదిలాక, జనవరి చివర్లో చెరువు లోపలి అంచున బురద బయటపడుతుంది. అప్పుడు చూడు. క్యాలెండర్ చూసి కాదు, తూము దగ్గర నీటిమట్టం చూసి పోవాలి.

కంభం కుర్రోడు | డిసెంబరు 9, ఉదయం 8:05

తీతువు సార్ చెప్పిన కట్ట లెక్క మా కంభం చెరువుకు అలాగే పనిచేయదు. అది గుండ్లకమ్మకు అడ్డంగా రెండు కొండల మధ్య కట్టింది. కొండ నీడ వల్ల కట్ట దగ్గర నీళ్ల మీదికి వెలుగు ఆలస్యంగా వస్తుంది. నేను ఏడు దాటాకే మొదలుపెడతా. విజయనగర రాజుల కాలం నుంచి ఉన్న చెరువు, 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు కూడా వచ్చింది. ఒక సంవత్సరం నిండుతుంది, ఇంకో సంవత్సరం అడుగంటుతుంది. నీళ్లు ఉన్న ఏడాదే పక్షులు. ఎవరైనా వచ్చేముందు ఇక్కడ అడగండి, నీళ్లు ఎంత ఉన్నాయో చూసి చెప్తా.

డెప్త్ ఆఫ్ ఫీల్డ్ | డిసెంబరు 9, మధ్యాహ్నం 1:22

సెట్టింగ్స్ నేను చెప్తా. కూర్చున్న పక్షికి షట్టర్ స్పీడ్ 1/500 చాలు. ఎగిరేదానికి కనీసం 1/2000 పెట్టు. లెన్స్‌ను చివరి 300కి లాగి, అపెర్చర్ 7.1 లేదా 8 పెడితే ఆ లెన్సులో బొమ్మ కొంచెం గట్టిగా వస్తుంది. ఐఎస్ఓ (వెలుగు పట్టే శక్తి) ఆటోలో వదిలెయ్. గ్రెయిన్ (ఇసుక చల్లినట్టు చుక్కలు) వస్తుందని భయపడి స్పీడ్ తగ్గించకు. గ్రెయిన్ ఉన్న ఫోటో పనికొస్తుంది, షేక్ అయిన ఫోటో పనికిరాదు.

ఫోకస్ కంటిన్యువస్‌లో, ఒకే పాయింట్, పక్షి కంటి మీద. తెల్లకొంగ నల్లటి నీళ్ల ముందు ఉంటే కెమెరా మోసపోయి కొంగను సున్నం కొట్టినట్టు చేస్తుంది. ఎక్స్‌పోజర్ మైనస్ 0.7 పెట్టు. ఆకాశంలో ఎగిరే గద్దకు దానికి రివర్స్, ప్లస్ 1. ట్రైపాడ్ అవసరం లేదు. పాత ప్యాంటు కాలు కత్తిరించి, అందులో రెండు కేజీల బియ్యం పోసి, రెండు వైపులా కుట్టు. రాయి మీద ఆ సంచీ, సంచీ మీద లెన్స్. నేను ఆరేళ్లుగా అదే వాడుతున్నా.

కావలి అక్క | డిసెంబరు 10, రాత్రి 7:48

నా దగ్గర కెమెరా లేదు. 8x42 బైనాక్యులర్స్, ఒక నోటుబుక్కు, అంతే. అయినా ఒక మాట చెప్పాలనిపించింది.

ముందు ఒక నెల చూడండి, తర్వాత తీయండి. నిన్న మా ఇంటి వెనక మడిలో నత్తగుల్ల కొంగను గంటసేపు చూశాను. దాని ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది, అడకత్తెర సరిగా మూసుకోనట్టు. పిల్ల కొంగలకు ఆ సందు ఉండదు, పెరిగేకొద్దీ ఏర్పడుతుంది. అది బురదలో ముక్కు పెట్టి, తల కొంచెం వణికించి, గుల్లను బయటికి తీస్తుంది. గుల్ల పగలగొడుతుందేమో అనుకున్నాను. పగలగొట్టలేదు. కింది ముక్కు కొన గుల్ల నోట్లోకి దూర్చి, అటూ ఇటూ ఆడించి, లోపలి కండ మాత్రం లాగేసింది. గుల్ల చెక్కుచెదరకుండా గట్టు మీద మిగిలింది. తీసి చూశాను, లోపల తుడిచినట్టు ఉంది. పన్నెండు గుల్లలు లెక్కపెట్టాను. ఆ మడి మాది కాదు, పక్కింటివాళ్లది. ఆ రైతును పిలిచి చూపిస్తే, "ఇదా నా నాట్లు కాపాడేది" అన్నాడు.

ఇది చూశాక ఆ కొంగ ఎప్పుడు తల ఎత్తుతుందో, ఎప్పుడు ఫోటో తీయాలో ఎవరూ చెప్పక్కర్లేదు.

పెన్నాగట్టు | డిసెంబరు 22, రాత్రి 8:30

అందరికీ థ్యాంక్స్. కట్ట మాట అక్షరాలా నిజం సార్. పొద్దున పోయిన మొదటి రోజే నల్ల చుక్కలు ఏంటో తెలిసింది. అవి బాతులు కావు, బొల్లికోళ్లు! ఒళ్లంతా నలుపు, ముక్కూ నుదురూ మాత్రం సున్నం బొట్టు పెట్టినట్టు తెలుపు. నాలుగు వందల పైనే ఉన్నాయి. వాటి మధ్యలో సూదితోక బాతులు ఇరవై దాకా.

ఒక పెద్ద గద్ద చెరువు మీద తక్కువ ఎత్తులో అటూ ఇటూ తిరుగుతోంది. అది వచ్చిన ప్రతిసారీ అంతదాకా చెదిరిపోయి ఉన్న బొల్లికోళ్లు గబగబా ఒకచోట చేరి నల్లటి చాప పరిచినట్టు అవుతున్నాయి. గద్ద పోగానే మళ్లీ విడిపోతున్నాయి. దాన్ని ఏమంటారు?

నిన్న ఆదివారం నేలపట్టు కూడా పోయినాను. ఫ్రెండ్ కారులో ఏసీ వేసుకుని పోయాం. దిగి కెమెరా తీస్తే లెన్స్ మీద పొగమంచు పట్టింది. గుడ్డతో తుడిస్తే మళ్లీ పడుతుంది. ఇరవై నిమిషాలు ఆగాల్సొచ్చింది. ఆ ఇరవై నిమిషాల్లో ఒక గూడబాతు పిల్ల, దాని తల్లి సంచీలోకి మెడ దాకా దూరిపోయి చేప తినడం కళ్లతో చూశా గానీ తీయలేకపోయాను. పిల్ల రెక్కలు కొట్టుకుంటుంటే ఆ కొమ్మంతా ఊగిపోయింది.

తీతువు | డిసెంబరు 23, ఉదయం 6:02

ఆ గద్ద మార్ష్ హ్యారియర్. అదీ చలికాలపు అతిథే. బలహీనంగా ఉన్న పిట్ట ఒంటరిగా దొరుకుతుందేమోనని తిరుగుతుంది. అందుకే బొల్లికోళ్లు గుంపు కడతాయి.

కారులో చివరి పావుగంట ఏసీ ఆపి, అద్దాలు దించి, కెమెరా బ్యాగ్ జిప్ కొద్దిగా తీసి పెట్టు. మన ప్రాంతపు తేమకు అదే మందు. ఆ గూడబాతు పిల్లను చూశావు కదా, అది నీకు దక్కింది.

నాయుడుపేట బుల్లెట్ | డిసెంబరు 23, ఉదయం 9:15

నేలపట్టులో గూడు కట్టిన పక్షి చేప కోసం పులికాట్ సరస్సు దాకా పోయి వస్తుంది అన్నా. చెరువు కింద రైతులు పక్షుల రెట్ట కలిసిన నీళ్లు పైరుకు ఎరువు లాంటివని చెప్తారు. మా తాతలు కూడా అదే మాట అనేవాళ్లు.

ఫ్లెమింగోల కోసం సూళ్లూరుపేట-శ్రీహరికోట రోడ్డు పట్టండి. రెండు వైపులా పులికాటే. నీళ్లు మోకాలి లోతుకు తగ్గాక దగ్గరికి వస్తాయి. మరీ రోడ్డు మీద బండి ఆపి, అంచున నిలబడి తీయకండి, వాహనాలు వేగంగా వస్తాయి. షార్ (రాకెట్ కేంద్రం) గేటు వైపు కెమెరా తిప్పొద్దు.

ఫుల్‌ఫ్రేమ్ నెల్లూరు | జనవరి 5, రాత్రి 10:11

నిన్న ఒక చెరువులో నాకు జాక్‌పాట్. తల మీద రెండు నల్ల పట్టీలు ఉండే గూస్ బాతులు, నూట యాభై పైనే. మధ్యలో కూర్చుని కదలడం లేదు. మా ఫ్రెండ్‌ను తెప్ప మీద అటువైపు పంపించి లేపించా. మొత్తం గుంపు ఒక్కసారి లేచింది, ఫ్రేమ్ నిండిపోయింది. మూడుసార్లు లేపితే ఒక పర్ఫెక్ట్ షాట్ వచ్చింది. ఫోటో పెట్టాను చూడండి.

కావలి అక్క | జనవరి 5, రాత్రి 10:40

ఫోటో బాగుంది. కానీ మూడుసార్లు లేపడం చదివి మనసు చివుక్కుమంది.

తీతువు | జనవరి 6, ఉదయం 6:20

అబ్బాయ్, నువ్వు కావాలని చెడు చేశావని అనుకోను. తెలియక చేశావు, కాబట్టి చెప్తాను, విను.

అవి టిబెట్, మంగోలియా పీఠభూముల్లో పిల్లలు పెట్టి, హిమాలయాలు దాటి మన దగ్గరికి వచ్చాయి. రాత్రిళ్లు పొలాల్లో మేసి, పగలు చెరువు మధ్యలో విశ్రాంతి తీసుకుంటాయి. అవి కదలకుండా కూర్చున్నాయంటే నిద్రపోతున్నాయని. ఒక గూస్ తల రెక్కలో పెట్టుకుంటే పక్కది మెడ ఎత్తి కాపలా కాస్తుంది, గమనించావా? మళ్లీ మార్చిలో అదే దారిన, అవే కొండలు దాటి పోవాలి. ఇక్కడ ఒంట్లో చేరిన కొవ్వే దారి ఖర్చు. మూడుసార్లు లేపితే ఆ దారి ఖర్చులోంచి తీసేసినట్టే. నువ్వొక్కడివే కాదు, ప్రతి ఆదివారం నీలాంటి నలుగురు వస్తే ఆ గుంపు ఆ చెరువునే వదిలేస్తుంది.

ఎగిరే ఫోటో కావాలంటే సూర్యాస్తమయానికి అరగంట ముందు పో. మేతకు బయలుదేరేటప్పుడు వాటంతటవే లేస్తాయి. లేచేముందు మెడలు నిటారుగా పెట్టి తలలు ఊపుతాయి, అరుపులు పెరుగుతాయి. ఆ గుర్తు కనపడగానే కెమెరా ఎత్తు. పడమటి ఆకాశం ఎరుపెక్కితే ఆ నల్లటి ఆకారాలే అందం.

ఫుల్‌ఫ్రేమ్ నెల్లూరు | జనవరి 6, ఉదయం 11:03

సార్, నిజంగా తెలియదు. ఫోటో తీసేస్తున్నాను. ఇకమీదట లేపను. ఆ చెరువు పేరు కూడా ఇక్కడ చెప్పను, జనం ఎగబడతారు.

చెరువు పాట | జనవరి 7, మధ్యాహ్నం 2:36

మీ చర్చంతా చదివాను. నాది ఇంకో వైపు. మా సంఘం చెరువును వేలంపాటలో పాడుకుని చేపపిల్ల వదిలింది. నీటికాకులు గుంపుగా దిగితే వేలెడంత పిల్లను మింగేస్తాయి. డబ్బు పెట్టినవాళ్లకు కడుపు మండుతుంది. టపాసులు కాలుస్తాం, వేరే దారి లేదు. ఫోటోలు తీసేవాళ్లు మమ్మల్ని రాక్షసుల్లా చూస్తారు. మేమేం చేయాలి?

కావలి అక్క | జనవరి 7, రాత్రి 8:12

అన్నా, మీ కష్టం నిజం, కాదనను. మా మేనమామ కూడా చెరువు పాడాడు, నష్టపోయాడు. నేను చూసినంతలో రెండు మాటలు చెప్తాను. చెరువులో దిగే ప్రతి పిట్టా చేప తినదు. నత్తగుల్ల కొంగకు నత్తలు, బొల్లికోడికి నాచూ గడ్డీ, సూదితోక బాతుకు గింజలూ దుంపలూ ముఖ్యం. టపాసు కాలిస్తే వీటన్నిటికీ శిక్ష. చేపపిల్లను నేరుగా పెద్ద చెరువులో వదలకుండా, ముందు వల కప్పిన చిన్న గుంటలో జానెడు పెంచి వదిలితే నీటికాకికి అంత తేలిగ్గా అందదు. మా మామ చివరికి అదే చేశాడు.

ఒక్కటి మాత్రం మిమ్మల్ని అడుగుతాను. చిరిగిన నైలాన్ వలలు నీళ్లలోనే వదిలేయకండి. పోయిన ఏడాది ఒక బుడుబుంగ పిట్ట కాళ్లకు వల చుట్టుకుని, మునగలేక, తేలలేక ఉంటే నేనూ మా అబ్బాయీ నడుము లోతు దిగి కత్తెరతో కోశాం. అది చేతిలో గుప్పెడంత ఉంది. గుండె కొట్టుకోవడం నా వేళ్లకు తెలిసింది.

చెరువు పాట | జనవరి 8, ఉదయం 7:25

వలల మాట ఒప్పుకుంటా అక్కా. ఈ వారం మనుషుల్ని పెట్టి తీయిస్తా. గుంట సంగతి సంఘంలో మాట్లాడతాను.

పెన్నాగట్టు | జనవరి 9, రాత్రి 9:02

బుడుబుంగ అంటే చప్పున మునిగి ఎక్కడో తేలే బుల్లి పిట్టేనా? మా ఊర్లో చేపలు పట్టే యానాది తాత కూడా అదే పేరు చెప్పాడు. అరుపు విని పిట్ట పేరు చెప్తాడు, చూడను కూడా చూడడు. నేను యాప్‌లో వెతికేలోపు ఆయన చెప్పేస్తున్నాడు.

తీతువు | జనవరి 10, ఉదయం 5:58

అదే. ఆ తాత చెప్పే పేర్లన్నీ ఈరోజే రాసి పెట్టుకో, ఆలస్యం చేయకు. మన నెల్లూరుకు ఈ విషయంలో పెద్ద చరిత్ర ఉంది. 1840లలో జెర్డాన్ అనే డాక్టర్ నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేశాడు. ఆయన ఇక్కడి పక్షులూ జంతువుల సంగతులు యానాదుల దగ్గర కూడా తెలుసుకున్నాడు. కలివికోడికి ఇంగ్లీషులో ఆయన పేరే ఉంది. ఆ పిట్ట అంతరించిందనుకున్నాక 1986లో కడప జిల్లాలో మళ్లీ కనపడింది. పేరు తెలిసిన మనిషి ఉన్నంతకాలం పిట్ట కోసం వెతికేవాళ్లు ఉంటారు.

అందరికీ ఒక మనవి. ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచి ప్రతి జనవరిలో జరుగుతోంది. మీ చెరువుకు ఒక పూట పోయి లెక్కపెట్టండి. పెద్ద గుంపును ఒక్కొక్కటిగా లెక్కపెట్టలేం. ముందు పది పక్షులు ఎంత చోటు పట్టాయో కంటికి అలవాటు చేసుకోవాలి, ఆ పది ముక్కను గుంపు మీద జరుపుకుంటూ పోవాలి. రెండుసార్లు లెక్కపెట్టండి. ఈబర్డ్ (పక్షుల లెక్కలు దాచే వెబ్‌సైట్)లో ఎక్కిస్తే ఆ లెక్క ఎప్పటికీ ఉంటుంది. ఏ పిట్టా కనపడకపోయినా పోయి చూసినట్టు రాయండి, అదీ లెక్కే.

కంభం కుర్రోడు | జనవరి 19, రాత్రి 7:10

లెక్కపెట్టాను సార్. పొగమంచు వల్ల ఎనిమిది దాకా ఏమీ కనపడలేదు. తర్వాత బొల్లికోళ్లు 310, చిలువ బాతులు 85, రంగు కొంగలు 14, గరుడపక్షి 1. రెండోసారి లెక్కపెడితే బొల్లికోళ్లు 340 వచ్చాయి. ఏది రాయాలి?

తీతువు | జనవరి 19, రాత్రి 7:31

రెండోది. మొదటిసారి అంచున తుంగలో ఉన్నవి తప్పిపోయి ఉంటాయి. ఆ సంగతి కింద వివరాల్లో రాయి.

పెన్నాగట్టు | ఫిబ్రవరి 15, రాత్రి 8:44

తూము తీసి చాలా రోజులైంది. మా చెరువు పడమటి అంచున పది గజాల బురద బయటపడింది. ఆ పడమటి వైపు నుంచి పోతే పొద్దు ఎదురు పడుతుందని, కట్ట వైపు నుంచి బురద నాలుక మాదిరి లోపలికి వచ్చిన చోటు చూసుకున్నా. బియ్యం సంచీ పెట్టుకుని చీకటితోనే బోర్లా పడుకున్నా. చలికి వేళ్లు కొంకర్లు పోయాయి.

వెలుగు వచ్చేసరికి పొడుగుకాళ్ల పిట్టలు ముప్పై, ఉల్లంకి పిట్టలు లెక్కలేనన్ని. ఇరవై నిమిషాలు కెమెరా ముట్టుకోలేదు సార్. ఒక పొడుగుకాళ్ల పిట్ట నడుచుకుంటూ నాకు మూడు బారల దూరంలోకి వచ్చింది. గులాబీ రంగు కాలు ఎత్తినప్పుడల్లా గోరు చివర నుంచి నీటి చుక్క జారి, కింద దాని నీడ మీదే పడుతోంది. షట్టర్ చప్పుడుకు ఒకసారి ఆగి నా వైపు చూసింది, మళ్లీ మేతలో పడింది. యానాది తాతకు ఫోటో చూపిస్తే ఫోన్ చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. "నేను దీన్ని ఎప్పుడూ ఇంత దగ్గరగా చూళ్లేదబ్బయా" అన్నాడు.

ఫోటో ఇక్కడ పెట్టాను.

డెప్త్ ఆఫ్ ఫీల్డ్ | ఫిబ్రవరి 15, రాత్రి 9:05

కన్ను సూదిమొనలా ఉంది. పడుకుని తీశావు కాబట్టే వెనకాల నీళ్లు అంత మెత్తగా వచ్చాయి. ఏమీ ఎడిట్ చేయకు.

తీతువు | ఫిబ్రవరి 16, ఉదయం 6:10

చాలా సంతోషం తమ్ముడూ. కుడివైపు చివర, వెనకాల కొంచెం మసగ్గా ఒక పిట్ట ఉంది చూడు. పక్కనున్న ఉల్లంకి పిట్టల కంటే పెద్దది, కాళ్లు పచ్చగా, ముక్కు కొన కాస్త పైకి వంగింది. అది గ్రీన్‌షాంక్. లెక్కలో రాశావా?

పెన్నాగట్టు | ఫిబ్రవరి 16, ఉదయం 6:18

చూళ్లేదు సార్. ఇప్పుడే చెరువు దగ్గరికి బయలుదేరుతున్నా.